కల్ట్‌ల మీద నిఘా పెట్టిన ఫ్రెంచ్ నాయకుడి గురించి చదివేటప్పుడు ఇలా చూడండి

ఫ్రాన్స్‌లో కల్ట్‌ల మీద, అంటే మనుషుల్ని లోబరచుకుంటాయని ఆరోపణలున్న గుంపుల మీద, ప్రభుత్వ నిఘా అనగానే అలాన్ వివియన్ పేరు వస్తుంది, వెంటనే గొడవా వస్తుంది. ఒకళ్లు ఆకాశానికెత్తుతారు, ఇంకొకళ్లు మత స్వేచ్ఛకి శత్రువని దుమ్మెత్తిపోస్తారు. కాసేపు రెండూ పక్కన పెట్టి ఒక కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క ఆయన ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నారో, కుడి పక్క ఆ ఏడాది ప్రభుత్వం ఏం చేసిందో రాయండి.

ఎడమ పక్క ఈజీ. సోషలిస్టు పార్టీ, 1973 నుంచి పార్లమెంటు సభ్యుడు, 1991-92లో విదేశాంగ సహాయ మంత్రి, 1998 నుంచి 2002 దాకా కల్ట్‌లను ఎదుర్కోవడానికి ప్రభుత్వం పెట్టిన ‘మిల్స్’కి అధ్యక్షుడు. మధ్యలో, ప్రధాని పియర్ మోరువా అడిగితే, 1983లో కల్ట్‌ల మీద ఒక రిపోర్టు ఇచ్చారు, అది అచ్చయింది మాత్రం 1985లో.

తప్పులో కాలేసేది కుడి పక్కనే. కల్ట్‌లంటూ 173 సంస్థల పేర్లున్న ఫేమస్ లిస్టు ఒకటుంది చూశారూ, దాన్ని వివియన్ ఖాతాలో వేసేయకండి. అది 1995 డిసెంబరు నాటి పార్లమెంటరీ కమిషన్ రిపోర్టులోది. ఆ కమిషన్ అధ్యక్షుడి పేరు కూడా ‘అలాన్’ కానీ ఇంటిపేరు జెస్ట్, రిపోర్టు బాధ్యత జాక్ గియార్‌ది, అప్పటికి వివియన్ పార్లమెంటులోనే లేరు. పైగా ఆ లిస్టుకి చట్టబలం లేదు, 2005 మేలో ప్రధాని రఫారాన్ దాని మీద ఆధారపడొద్దని అధికారులకి సర్క్యులర్ కూడా పంపారు. కాబట్టి ఆ లిస్టు చూపించి “ప్రభుత్వం కల్ట్‌గా ప్రకటించింది” అని ఎవరైనా రాస్తే అక్కడే ఆగండి. కల్ట్‌ల మీద తెచ్చిన 2001 జూన్ చట్టం కూడా అంతే, వివియన్ మిల్స్‌లో ఉండగానే వచ్చినా దాని మీదున్న పేర్లు నికొలా అబూ, కాథరీన్ పికార్‌లవి.

మిల్స్ పోయి 2002 నవంబరులో ‘మివిల్యూడ్’ వచ్చింది. ఇది ఎవర్నీ అరెస్టు చేయదు, సంస్థల్ని నిషేధించదు, సమాచారం పోగేసి హెచ్చరిస్తుంది, బాధితులకి దారి చూపిస్తుంది. 2021లో దానికి 4,020 వినతులు వచ్చాయంటే అన్ని నేరాలు జరిగాయని కాదు, ఊరికే వివరాలు అడిగినవాళ్లూ అందులో ఉంటారు.

పదవి ఎలా వచ్చిందో కూడా చూడాలి. జార్జ్ ఫెనెక్ అనే పార్లమెంటు సభ్యుడి ఎన్నిక ప్రచార ఖర్చుల లెక్కల వల్ల 2008లో రద్దయింది, అదే ఏడాది మివిల్యూడ్ అధ్యక్షుడయ్యారు. సీటు పోయిందని కుర్చీ ఇచ్చారనిపిస్తుంది, నాకూ కొంచెం అలాగే ఉంది. కానీ ఇంకాస్త వెనక్కి వెళితే, లియాన్‌లో సైంటాలజీ అనే సంస్థ మీద కేసు దర్యాప్తు చేసిన జడ్జి ఆయనే.

చివరిగా, మాట్లాడుతున్నది ఎవరో చూడండి. తిట్టేవాళ్లలో ఆ లిస్టులో ఉన్న సంస్థలుంటాయి. పొగిడేవాళ్లలో బాధితుల సంఘాలుంటాయి, చట్టం తెచ్చిన పికార్ తర్వాత అలాంటి ఒక సంఘానికే అధ్యక్షురాలయ్యారు. అది కూడా కాగితం మీదకి ఎక్కించండి.