స్నేర్ డ్రమ్ముల సేకరణ, 4వ పాఠం: పాత డ్రమ్మును విప్పి చూడటం, గొంతు తెప్పించడం

స్నేర్ అంటే కింద ఆనుకుని ఉండే సన్నటి తీగల వల్ల గరగరమని పలికే డ్రమ్ము. దాని గుండ్రటి ఒళ్లే షెల్. ఆ షెల్లులో వాడే లోహాలు, చెక్కల గురించి కిందటి పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి పాత స్నేర్ ఒకటి మీ చేతికొస్తే కొనాలా వద్దా ఎలా తేల్చుకోవాలో, కొన్నాక దాన్ని ఎలా పలికించాలో నేర్చుకుందాం. కిందటి పాఠం చదవకపోయినా ఫర్వాలేదు. దగ్గర ఒక డ్రమ్ కీ (డ్రమ్ము రాడ్డులు తిప్పే చెవి), ఒక చిన్న అయస్కాంతం, టార్చి, టైలరింగు టేపు పెట్టుకోండి.

స్నేర్‌లో షెల్ ఒక్కటే మార్చలేనిది. హెడ్లు (పైనా కిందా బిగించే పొరలు), వైర్లు (కింది తీగలు), హూపులు (హెడ్లను పట్టి ఉంచే కడియాలు), రాడ్డులు (హూపులను బిగించే బోల్టులు), వైర్లను బిగించే లివర్ అన్నీ విడిగా దొరుకుతాయి. అందుకే చిరిగిన హెడ్ చూసి డ్రమ్మును వదిలేయకండి, కొత్త హెడ్ చూసి మురిసిపోకండి. అమ్మేవాళ్లు ఎక్కువగా మాట్లాడేది మెరుపు గురించే. మనం చూడాల్సింది లోపల ఉంటుంది.

మన గోదావరి జిల్లాల్లో పాత స్నేర్లు దొరికేది పెద్ద షోరూముల్లో కాదు. రాజమండ్రి, భీమవరం, అమలాపురం, పాలకొల్లు వైపు చర్చి వాళ్లు కిట్టు మార్చుకుంటున్నప్పుడో, ఆర్కెస్ట్రా వాళ్లు ఎలక్ట్రానిక్ ప్యాడ్లకి మారినప్పుడో అడగాలి. పెళ్లి బ్యాండు మేళం వాళ్లను కూడా అడగండి. భుజాన తగిలించుకుని నడుస్తూ వాయించే సైడ్ డ్రమ్ము ఒకటి సేకరణలో ఉండి తీరాలని నా అభిప్రాయం. ఊరేగింపులో, ఆరుబయట, బాజాల మధ్య వినపడాల్సిన డ్రమ్ము పలికే తీరే వేరు.

డ్రమ్ము చేతికి రాగానే అయస్కాంతం తీయండి. హూపుకి కాదు, షెల్లుకే ఆనించండి. అంటుకుంటే స్టీలు. ఇత్తడికీ అల్యూమినియానికీ అంటుకోదు. క్రోమ్ పూత ఉన్న ప్రతిదాన్నీ ఇత్తడి అని చెప్పి అమ్మచూస్తారు కాబట్టి ఈ పరీక్ష మానొద్దు. అంటుకోకపోతే ఎత్తి చూడండి: ఇత్తడి షెల్ బరువుగా ఉంటుంది, అల్యూమినియం తేలిగ్గా ఉంటుంది.

ఉప్పుగాలి తగిలే చోట ఇంకో సంగతి తెలియాలి. లుడ్విగ్ కంపెనీ సుప్రాఫోనిక్ స్నేర్ 1960ల నుంచి అల్యూమినియం షెల్ మీద క్రోమ్ పూతతో వస్తోంది. 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు ఉంటే ఎల్ఎమ్ 400, ఆరున్నర అంగుళాల లోతు ఉంటే ఎల్ఎమ్ 402. అల్యూమినియాన్ని క్రోమ్ గట్టిగా పట్టుకోదు. ఏళ్లు గడిచేకొద్దీ పూత పొక్కుతుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఇళ్లలో ఇనుప కిటికీలు ఎలా తయారవుతాయో చూసినవాళ్లకి లోహం ఉంచుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కానీ ఆ పొక్కుల వల్ల మోత ఏమాత్రం పాడవదు. ధర తగ్గించి అడగడానికి అవి మనకి పనికొస్తాయి. అదే కంపెనీ విద్యార్థుల కోసం చేసిన ఆక్రోలైట్ కూడా అల్యూమినియమే. దాని షెల్ మీద క్రోమ్ లేదు, ఊడటానికేమీ లేదు, లగ్గులు (షెల్ మీద రాడ్డులు దిగే బిగింపులు) 10కి బదులు 8. తీరప్రాంతంలో ఉండేవాళ్లకి మొదటి అల్యూమినియం స్నేర్‌గా నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు హూపులు, హెడ్లు రెండు వైపులా విప్పేయండి. తుప్పుపట్టి తిరగని రాడ్డుని బలవంతం చేయొద్దు. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. కొనకముందే చూస్తున్నట్టయితే, కనీసం ఒక వైపు విప్పడానికి ఒప్పుకోమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే ఆ బేరం వద్దు.

షెల్ అడ్డకొలతను టేపుతో నాలుగు దిక్కులా తీసుకోండి. అన్నీ ఒకటే రావాలి. ఒక దిక్కున తేడా వస్తే ఎక్కడో కిందపడి అండాకారం అయిందని అర్థం. ఎంత శ్రుతి చేసినా అది నిలబడదు. తర్వాత షెల్లుని వంటింటి గ్రానైట్ గట్టు మీద పై అంచు కిందికి వచ్చేలా బోర్లించండి. లైట్లన్నీ ఆర్పి, షెల్లు లోపల టార్చి పెట్టి, అంచు చుట్టూ కళ్లు ఆనించి చూడండి. ఎక్కడా వెలుతురు కారకూడదు. సన్నటి గీతలా కారినచోట హెడ్ సరిగ్గా కూర్చోదు, అక్కడే పక్క మోతలు పుడతాయి. కింది అంచు తిప్పి పెడితే మాత్రం ఎదురెదురుగా రెండు చోట్ల వెలుతురు వస్తుంది. అది లోపం కాదు. వైర్లు హెడ్‌కి ఆనుకుని పడుకోవడానికి అక్కడ కావాలని కొద్దిగా లోతు తీస్తారు.

చెక్క షెల్ అయితే లోపలి వైపు వేలితో రాస్తూ పోండి. లంక గ్రామాల్లో వరద నీటిలో తడిసిన డ్రమ్ముల్లో ప్లై పొరలు విడిపోతాయి. వేలికి ఉబ్బు తగిలినా, గోటితో కొడితే ఒకచోట బోలుగా వినిపించినా వదిలేయండి. పైన రంగు ఎంత బాగున్నా సరే.

షెల్ బాగుంటే మిగతాదంతా మన చేతిలో పని. కొత్త హెడ్లు వేయండి. పైదానికీ కిందిదానికీ ఒకటే హెడ్ వాడొద్దు. పైన కోటెడ్ (పూత వేసిన) హెడ్ సుమారు 10 మిల్లుల మందం, అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు. కింద వేసేది 3 మిల్లులే. అది పలచగా ఉంటేనే వైర్లు చిన్న దెబ్బకి కూడా పలుకుతాయి. 1950ల చివర్లో ప్లాస్టిక్ హెడ్లు వచ్చేదాకా స్నేర్లకి దూడ తోలే. మన డప్పు వానాకాలంలో మెత్తబడి మంట దగ్గర కాచుకోవాల్సినట్టే అప్పట్లో ఆ డ్రమ్ములూ తేమకి జారిపోయేవి.

శ్రుతి చేసేటప్పుడు లివర్ వదిలేసి వైర్లు ఆపండి. లేకపోతే ఏ స్వరం వినిపిస్తోందో తెలియదు. ముందు రాడ్డులన్నీ వేళ్లతో ఆనేదాకా బిగించి, అప్పుడు కీతో సగం సగం తిప్పండి. 10 లగ్గులుంటే వరుస ఇది: 1, 6, 3, 8, 5, 10, 7, 2, 9, 4. పక్కపక్కన బిగిస్తే హెడ్ ఒకవైపుకి లాగేస్తుంది. కాస్త బిగుసుకున్నాక ప్రతి రాడ్డు దగ్గరా అంచుకి అంగుళం లోపల పుల్లతో మెల్లగా తట్టండి. ఒకచోట స్వరం కిందికి ఉంటే అక్కడ పావు తిప్పు, పైకి ఉంటే వదులు. ఇక్కడ తొందరపడకండి. అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చినప్పుడు డ్రమ్ము మధ్యలో ఒక్క దెబ్బ వేసి చూడండి, మోత నిండుగా సాగుతుంది. ఆ క్షణం కోసమే ఈ సేకరణ పిచ్చి అంతా. కింది హెడ్ పైదానికన్నా కొంచెం బిగుతుగా ఉంచండి.

చివరికి వైర్లు వేయండి. గరగర తగ్గి ప్రతి దెబ్బా స్పష్టంగా వినిపించేదాకా బిగించి, అక్కడితో ఆపేయాలి. ఇంకా బిగిస్తే గొంతు నొక్కుకుపోతుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న రెండు స్నేర్లకి ఒకే కంపెనీ హెడ్లు వేసి, ఒకే స్వరానికి శ్రుతి చేసి, ఫోనులో ఒకే చోట రికార్డు చేయండి. ఇప్పుడు వినిపించే తేడాలో ఎక్కువ భాగం షెల్లుదీ హూపులదీ. ఏ తేడా లేదనిపిస్తే ఆ రెండింటిలో ఒకటి ఇచ్చేసి వేరే రకం వెతకండి. వచ్చే పాఠంలో 12, 20, 42 తీగల వైర్ల గురించీ, తుపాను నెలల్లో డ్రమ్ములు దాచే పద్ధతి గురించీ చూద్దాం.