బయోలాజిక్ మందుల్ని చదవడం నేర్చుకుందాం: 4వ పాఠం – టీఎన్‌ఎఫ్‌ని ఆపితే కణాలు ఏం చేస్తాయి?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక కణాలు సొంత కీళ్ల మీదే దాడిచేసే జబ్బు) ఉన్న మనిషికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించారు. ఇది బయోలాజిక్, అంటే జీవకణాల్లో తయారుచేసే మందు. వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ని అడ్డుకుంటుంది. కొద్ది రోజులకి కీళ్ల వాపు తగ్గింది. కానీ రక్తపరీక్షలో లింఫోసైట్ల (ఒక రకం తెల్లకణాల) సంఖ్య పెరిగింది. ఎందుకు?

"రోగనిరోధక కణాలు పెరిగాయి కాబట్టి మందు సరిగ్గా పనిచెయ్యట్లేదు" అని రాసుకున్నవాళ్లు టెన్షన్ పడకండి. మొదటిసారి నేనూ అదే అనుకున్నాను.

మనం లెక్కపెట్టింది రక్తంలో. రగడ జరిగేది కీలులో. తెల్లకణాలకి రక్తనాళం ఒక రోడ్డు మాత్రమే. రోడ్డు మీద బళ్లు ఎక్కువ కనబడుతున్నాయంటే, అవి ఊళ్లోకి మళ్లడం మానేశాయేమో అని కూడా చూడాలి.

కీలు లోపలి పొరని సైనోవియం అంటారు. జబ్బు ముదిరిన సైనోవియంలో మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్‌ని వదులుతుంటాయి. అది పక్కనున్న సన్నని రక్తనాళాల లోగోడకి తగలగానే, ఆ గోడ కణాలు ఈ-సెలెక్టిన్, ఐకామ్-1 లాంటి జిగురు అణువుల్ని పైకి తెస్తాయి. రక్తంలో దొర్లుకుంటూ పోయే తెల్లకణాలు వాటికి అంటుకుని ఆగి, గోడ సందుల్లోంచి కీలులోకి దూరతాయి. మందు టీఎన్‌ఎఫ్‌ని పట్టేసుకుంటే ఆ జిగురు తగ్గిపోతుంది. లోపలికి దూరాల్సిన లింఫోసైట్లు రక్తంలోనే తిరుగుతూ మన లెక్కలో పడతాయి. కీలులోకి వెళ్లే న్యూట్రోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) కూడా తగ్గుతాయి.

అందుకే ఏ బయోలాజిక్ పేరు విన్నా ముందుగా ఒకటి అడగండి: ఇది కణాన్ని తీసేస్తుందా, కణాల మధ్య మాటని ఆపుతుందా? రిటుక్సిమాబ్ మొదటి రకం. సీడీ20 అనే గుర్తున్న బి-కణాల్ని (ఒక రకం లింఫోసైట్లని) తీసేస్తుంది. (యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల మీద ఆ గుర్తు ఉండదు, అవి బతికిపోతాయి.) టీఎన్‌ఎఫ్ మందులు ముఖ్యంగా రెండో రకం.

ఒక్క మాట ఆపితే ఏమొస్తుంది, వాపు పుట్టించే సైటోకైన్లు (టీఎన్‌ఎఫ్ లాగా కణాల మధ్య మాట మోసే ప్రోటీన్లు) ఇంకా చాలా ఉన్నాయి కదా అని అప్పట్లో శాస్త్రవేత్తలే సందేహించారు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైని బృందం రోగుల కీళ్లలోంచి తీసిన కణాల్ని గిన్నెలో పెంచి, టీఎన్‌ఎఫ్‌కి విరుగుడు యాంటీబాడీ కలిపింది. ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరో సైటోకైన్ కూడా పడిపోయింది. ఆ ఫలితం 1989లో వచ్చింది. అంటే టీఎన్‌ఎఫ్ గుంపులో ఒకడు కాదు, మిగతావాళ్లని ఉసిగొల్పేవాడు. 1992లో మొదటి రోగులకి మందు ఇచ్చి చూశారు. ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ఈ గొలుసులోదే. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్) తయారుచెయ్యమని కాలేయానికి చెప్పేది ముఖ్యంగా అదే. మందు పనిచేసినవాళ్లలో సీఆర్‌పీ చప్పున దిగడం అందుకే.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది రెగ్యులేటరీ టి-కణాల సంగతి. టి-కణాలు కూడా లింఫోసైట్లే. మిగతా టి-కణాల్ని అదుపులో పెట్టడం వీటి పని. ఈ జబ్బులో అవి ఉంటాయి గానీ, వాపు పుట్టించే సైటోకైన్లని అణచలేవు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకుని మెరుగైన రోగుల్లో వాటికి ఆ శక్తి తిరిగొచ్చిందని 2004లో ఒక అధ్యయనం చూపించింది. మందు శత్రువు నోరు మూయడంతో ఆగలేదు, కాపలావాణ్ణి కూడా నిద్ర లేపింది.

అయితే టీఎన్‌ఎఫ్ ఊరికే పుట్టిన ప్రోటీన్ కాదు. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిముల చుట్టూ మాక్రోఫేజ్‌లు, టి-కణాలు గోడలా కట్టుకుని ఉంటాయి. ఆ గోడని నిలబెట్టేది టీఎన్‌ఎఫే. దాన్ని ఆపితే గోడ సడలి క్షయ పైకి రావచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందు దాగి ఉన్న క్షయ కోసం పరీక్ష చేస్తారు. ఆ పరీక్షని లాంఛనం అనుకుని దాటెయ్యకూడదు.

ఈసారి అభ్యాసం: ఒకరు టోసిలిజుమాబ్ వాడుతున్నారు. ఇది ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని (కణం మీద ఆ మాటని అందుకునే అణువుని) మూసేసే మందు. ఆయనకి దగ్గు, ఆయాసం వచ్చాయి. సీఆర్‌పీ మాత్రం మామూలుగానే ఉంది. "ఇన్‌ఫెక్షన్ లేదు" అని రాసెయ్యొచ్చా? కాలేయానికి ఆ మాట ఎవరు చెబుతారో పైన వెతికి, మీ జవాబు రెండు వాక్యాల్లో రాసుకోండి.