ముఖం మీది రోమాలు తీశాక మంట, ఎరుపు: ముందూ వెనకా పాటించవలసిన జాగ్రత్తలు

పై పెదవి, గడ్డం, చెంపల మీది రోమాలు తీశాక చర్మం కాసేపు ఎర్రబడడం, చురుక్కుమనడం సహజమే. రోమం కుదురుతో సహా ఊడివచ్చినప్పుడు ఆ రోమకూపం (రోమం మొలిచే సన్నని గుంట) చుట్టూ కొద్దిపాటి వాపు వస్తుంది. వ్యాక్సింగ్‌లోనైతే చర్మం పై పొర కూడా కొంత లేచిపోతుంది. చాలామందికి ఈ ఎరుపు కొన్ని గంటల్లో, కొందరికి ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. బాధ అంతకు మించినప్పుడు మొదట అనుమానించవలసింది అంతకు ముందు వారంలో ముఖానికి ఏం వాడారో, ఆ తర్వాత గంటలో కంగారుగా ఏం రాశారో ఆ రెండింటినే.

మొటిమలకు, ముడతలకు వాడే ట్రెటినాయిన్, అడాపలీన్, రెటినాల్ క్రీములు చర్మం పై పొరను సున్నితంగా మారుస్తాయి కనుక, మైనం పట్టీ లాగినప్పుడు రోమంతోపాటు చర్మం కూడా లేచి పచ్చిపుండు పడే ప్రమాదం ఉంది. అందుకే వ్యాక్సింగ్‌కు కనీసం వారం ముందు వాటిని ఆపాలి. గ్లైకాలిక్, శాలిసిలిక్ ఆమ్లాలు ఉన్న ఫేస్‌వాష్‌లు, సీరమ్‌లను రెండు మూడు రోజుల ముందే పక్కన పెట్టాలి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు, మానేసి ఆరు నెలలు నిండనివారు ముఖానికి వ్యాక్సింగ్ జోలికే పోకూడదు. పార్లర్‌లో ఈ సంగతి అడగకపోయినా మీరే చెప్పాలి. ఎండకు కమిలిన చర్మం ఉన్నా, పెదవి దగ్గర హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పొక్కులు లేచినా అవి పూర్తిగా మానేవరకు వాయిదా వేసుకోవడమే మేలు. ఏదైనా వేడుక ఉంటే అదే రోజు కాకుండా రెండు మూడు రోజుల ముందే పని ముగించుకోవాలి.

రోమాలు తొలగించే క్రీముల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలోని థయోగ్లైకోలేట్ లవణాలు రోమంలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తాయి. చర్మం పై పొరలో ఉన్నదీ కెరటినే. పైగా చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) సుమారు 5, అంటే కొద్దిగా ఆమ్లం ఉంటే, ఈ క్రీములది 12 దరిదాపుల్లో, అంటే ఘాటైన క్షారంగా ఉంటుంది. కాబట్టి ముఖానికి అని స్పష్టంగా రాసి ఉన్నదే వాడాలి, ఒకరోజు ముందు దవడ కింద కొద్దిగా రాసి పరీక్షించాలి, పెట్టె మీద చెప్పిన నిమిషాలు దాటనివ్వకూడదు. మంట మొదలైతే గడియారం చూస్తూ ఓర్చుకోకుండా వెంటనే చల్లని నీటితో కడిగేయాలి. వ్యాక్సింగ్‌లో ఒకసారి లాగిన చోట మళ్లీ మైనం వేయనివ్వకూడదు. మిగిలిన నాలుగు రోమాలను పట్టకారుతో తీస్తే సరిపోతుంది. థ్రెడింగ్ చేసేటప్పుడు చర్మాన్ని వేళ్లతో బిగుతుగా పట్టి ఉంచకపోతే దారానికి చర్మం కోసుకుంటుంది. రేజర్ వాడేవారు తడిపిన చర్మం మీద, కొత్త బ్లేడుతో, రోమాలు వాలిన దిశలోనే గీయాలి.

పని అయ్యాక మెత్తని నూలు గుడ్డను చల్లని నీళ్లలో ముంచి, పిండి, రుద్దకుండా ఐదు నుంచి పది నిమిషాలు ముఖం మీద అద్ది ఉంచాలి. ఐసుముక్కను నేరుగా పెట్టకూడదు. అంటుకున్న మైనాన్ని గోటితో గీకకుండా కొంచెం పెట్రోలియం జెల్లీ రాస్తే మెత్తబడి వచ్చేస్తుంది. ఆపైన సువాసన లేని మాయిశ్చరైజర్ పలుచగా రాస్తే చాలు. కలబంద మంచిదే కానీ, ఆకు కోయగానే తొక్క కింద నుంచి కారే పసుపుపచ్చని పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి. ఆకును నిలువుగా ఉంచి అవి పూర్తిగా కారిపోయాక, లోపలి తెల్లని గుజ్జు మాత్రమే వాడాలి.

నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా, ఆల్కహాల్ ఉన్న లోషన్లు ఆ రోజు ముఖం దరికి రానివ్వకూడదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు లేచి, నెలల తరబడి నల్లమచ్చలు మిగలవచ్చు. ఇక క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి ఘాటైన స్టెరాయిడ్ క్రీములు ఎరుపును ఒక్క పూటలో తగ్గిస్తాయి కనుకే అలవాటవుతాయి. అవి ముఖచర్మాన్ని పలచబరచి, మొటిమలు తెప్పించి, చివరకు కొత్తగా రోమాలు మొలిపించగలవు కూడా! దురద భరించలేనిదైతే వైద్యుని సలహాతో తేలికపాటి స్టెరాయిడ్ అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్‌ను ఒకటి రెండు రోజులు మాత్రమే వాడవచ్చు.

మొదటి 24 నుంచి 48 గంటల వరకు ఆవిరి పట్టడం, చెమట పట్టే వ్యాయామం, ఈతకొలను, మేకప్ మానుకోవాలి. ఎండలోకి వెళ్లక తప్పకపోతే టోపీ, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ అవసరం. దాన్ని రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఎరుపు తగ్గాక ఆ చోటే నల్లబడడం వారిలో ఎక్కువ.

కొన్ని రోజుల తర్వాత చిన్న బొడిపె లేచి, అద్దం దగ్గరగా పెట్టి చూస్తే చర్మం కింద చుట్టుకుపోయిన రోమం కనిపించవచ్చు. దాన్ని సూదితో తవ్వకుండా, గోరువెచ్చని గుడ్డ కాపడం పెడుతూ, అది బయటపడేవరకు ఆ చోట రోమాలు తీయడం ఆపాలి. చీముపొక్కులు పెరుగుతున్నా, ఎరుపు వేడెక్కి పాకుతున్నా, నీటిబొబ్బలు వచ్చినా, జ్వరం తగిలినా, కంటి చుట్టూ వాపు వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. మధుమేహం ఉన్నవారు ఒక్క చీముపొక్కు కనిపించినప్పుడే వెళ్లడం మంచిది.