నాలుగో స్టేజీలో రొమ్ము ఆపరేషన్ అడగబోయే ముందు

సర్జరీ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక అంబాజీపేట దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. చుట్టుపక్కల ఎవరింటికి ఏ ఆస్పత్రి ఫైలు వచ్చినా సాయంత్రానికల్లా మా అరుగు మీదకి చేరుతుంది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకో లివర్‌కో పాకిందని, అంటే నాలుగో స్టేజీ అని రాసి ఉంటే, వాళ్ళు అడిగేదీ ఒకటే: "నర్సమ్మగారూ, గడ్డ తీసెయ్యమంటే డాక్టరు ముందు మందులంటున్నాడు. ఆశ వదిలేశాడంటారా?"

వదిలెయ్యలేదు. గట్టు మీద కలుపు పీకినంత మాత్రాన చేలో కలుపు పోదు కదా, ఇదీ అంతే. కీమో అయినా, హార్మోన్ మాత్రలైనా నెత్తురుతో ఒళ్ళంతా తిరుగుతాయి. కత్తి ఒక్కచోటే పనిచేస్తుంది. పైగా ఆపరేషన్ పుండు మానేదాకా కీమో ఆపాలి, ఆ వారాల్లో లివర్‌లో ఉన్నది ఊరుకోదు.

అన్నిటికంటే ముందు, అది నిజంగా నాలుగో స్టేజీయేనా అన్నది తేల్చుకోండి. స్కాన్‌లో ఒక్క మచ్చ కనపడితే చాలు, ఇళ్ళల్లో ఏడుపులు మొదలు. పాత టీబీ మచ్చలుంటాయి, ఎముక అరుగుదల ఉంటుంది. "ఆ మచ్చ దగ్గర ముక్క తీసి పరీక్ష చేయించడం కుదురుతుందా?" అని అడగండి. అది క్యాన్సర్ కాదని తేలితే లెక్కంతా మారిపోతుంది, అప్పుడు ఆపరేషన్ జబ్బు నయం చెయ్యడానికే అవుతుంది. సూది గుచ్చితే పాకుతుందనే మాట పట్టించుకోకండి. తర్వాత ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టు చూడండి. గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్న రకమా అన్నది అది చెబుతుంది. ఏ మందు వాడాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. అది లేని ఫైలు పట్టుకుని ఆపరేషన్ గురించి వాదులాడి లాభం లేదు.

చదువుకున్న అల్లుళ్ళు ఊరుకోరు, లెక్కలు కావాలంటారు. సరే. ముంబయి టాటా మెమోరియల్‌లో 2005 నుంచి 2013 దాకా 350 మంది ఆడవాళ్ళ మీద ఈ సంగతే చూశారు. కీమోకి లొంగినవాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రొమ్ము ఆపరేషన్, రేడియేషన్ ఇచ్చారు, రెండో జట్టుకి ఇవ్వలేదు. ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మంది 19 నెలలు దాటి బతికారు, కానివాళ్ళలో సగం మంది 20 నెలలు దాటి బతికారు. అంటే తేడా లేనట్టే. ఆ నెలల్ని మీ మనిషికి అంటగట్టకండి, ఆ రోజుల్లో హెర్2 మందు చాలామందికి అందలేదు. 2022లో అచ్చయిన అమెరికా పరీక్షలోనూ ఆయుష్షు పెరగలేదు, రొమ్ములో గడ్డ మళ్ళీ ముదరడం మాత్రం తగ్గింది. టర్కీ వాళ్ళకి ఐదేళ్ళ దగ్గర ఆపరేషన్ జట్టు మెరుగ్గా కనపడింది. కానీ ఆ జట్టులో జబ్బు నెమ్మదిగా ఉన్నవాళ్ళే ఎక్కువ. అందుకే, ఎముకల్లో ఒకటి రెండు చోట్లే ఉండి, మందులకి బాగా లొంగితే, "మా కేసు ట్యూమర్ బోర్డులో, అదే క్యాన్సర్ డాక్టర్లందరూ కలిసి కూర్చుని చూసేచోట, పెడతారా?" అని అడగడంలో తప్పు లేదు.

ఇంకోటి కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. గడ్డ చిట్లి పుండైనా, నెత్తురు కారుతున్నా, వాసనకి మనవలు దగ్గరికి రాకపోయినా, లేదా మిగతావన్నీ అణిగి రొమ్ములోది మాత్రమే పెరుగుతున్నా, ఆపరేషన్ గురించి గట్టిగా అడగండి. ఆయుష్షు కోసం కాదు, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండటానికి. కొందరికి రేడియేషన్‌తోనే నెత్తురు ఆగుతుంది, అదీ అడగండి.

ఈలోగా డ్రెస్సింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత గాజుగుడ్డ పీకకండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు దాని మీద పోసి ఐదు నిమిషాలాగితే అదే వదులుతుంది. బలవంతంగా లాగితే నెత్తురు చిమ్ముతుంది. వాసనకి మెట్రోనిడజోల్ జెల్ బాగా పనిచేస్తుంది, దొరక్కపోతే మాత్ర పొడి చేసి చల్లొచ్చా అని డాక్టర్ని అడగండి. పైన పుండుకి అంటుకోని గుడ్డ, దాని మీద దళసరి ప్యాడ్. మన ఉక్కపోతకి రోజుకి రెండుసార్లు మార్చక తప్పదు. నెత్తురొస్తే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా నొక్కిపట్టండి. ఆగకపోతే ఆస్పత్రికే. పసుపు, ఆకుపసరు దగ్గరికి రానివ్వకండి, ఎవరెన్ని చెప్పినా.

డబ్బు సంగతి. కొబ్బరితోట తాకట్టు పెట్టే ముందు ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కౌంటర్లో కార్డు చూపించి ఏది వస్తుందో అడగండి. ఇంకో డాక్టరు మాట కూడా కావాలంటే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, టాటా వాళ్ళదే. వెళ్ళేటప్పుడు రిపోర్టులొక్కటే కాదు, ల్యాబ్ నుంచి మైనపు బ్లాకు (తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచింది), స్లైడ్లు, స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకెళ్ళండి. బ్లాకు ఇవ్వమంటే విసుక్కుంటారు, అయినా అడగండి. లేకపోతే మళ్ళీ ముక్క తీస్తారు.

ఇవన్నీ జబ్బుపడ్డ ఆవిడకి తెలిసే జరగాలి. "అమ్మకి చెప్పొద్దండీ" అని గుమ్మం దగ్గర నా చెవిలో గుసగుసలాడేవాళ్ళకి నేనిచ్చే జవాబు ఒకటే. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆవిడ, రొమ్ము ఆవిడది.

గోదావరి లంకల్లో ఉండేవాళ్ళు ఇంకో పని చెయ్యాలి. వరదొచ్చి కాజ్‌వే మునిగితే పడవ కోసం కాచుకోవాల్సిందే. జులై, ఆగస్టుల్లో కీమో తేదీలుంటే ముందే గట్టు ఇవతల చుట్టాలింటికి చేరండి, కీమో అయ్యాక కూడా పది పదిహేను రోజులు అక్కడే ఉంచండి. ఆ రోజుల్లో జ్వరం 100.4 తగిలిందంటే తెల్లారేదాకా ఆగకూడదు, ఆస్పత్రికే. థర్మామీటరు సంచిలో పెట్టుకోండి.