ఇంటి వీడియోలు డీవీడీలో ఎక్కించాలంటే: ముందు వీడియోను చూడండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌ను

కడపలో పెళ్లిళ్లకు, పేరంటాలకు, గుడి ఉత్సవాలకు తీసిన వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఈ రోజుల్లో డీవీడీ ఎవరికి కావాలని చాలామంది అడుగుతారు. కావాల్సినవాళ్లు ఉన్నారు. కొడుకు కువైట్‌లో ఉంటాడు, మనవడి వీడియోలు ఫోన్‌లో పంపుతాడు. ఇక్కడ పల్లెలో ఉన్న తల్లికి ఆ చిన్న తెర మీద బిడ్డ ముఖం కంటికి ఆనదు. టీవీ కింద పాత డీవీడీ ప్లేయర్ ఉంటుంది, దాని రిమోట్‌లో ఏ బటన్ నొక్కాలో ఆమెకు బాగా తెలుసు. అలాంటివాళ్ల కోసం డిస్క్ చేయడమంటే నాకు ప్రాణం. దానికి డబ్బు పెట్టి ఏ ప్రోగ్రామూ కొనక్కర్లేదు.

ఇంట్లో సొంతంగా డిస్క్ చేసుకోబోయి మధ్యలో ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. "అన్నా, బొమ్మ వస్తాంది గానీ మాట వెనకబడ్తాంది" అంటారు. లేదంటే తొంభై శాతం దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిందంటారు, కంప్యూటర్లో ఆడింది ప్లేయర్లో ఆడట్లేదంటారు. వీటిలో చాలావరకు తప్పు ప్రోగ్రాంది కాదు. మనం దానికి ఇచ్చిన వీడియోలోనో, సేవ్ చేసిన ఫోల్డర్లోనో, చివర్లో పెట్టిన డిస్క్‌లోనో ఉంటుంది. ఆ వరసలోనే చెబుతాను.

ప్లేయర్‌కు అర్థమయ్యేది ఏమిటి

డీవీడీ ప్లేయర్‌కు ఫోన్‌లోని ఎంపీ4 ఫైల్ ఇస్తే చాలా మోడళ్లు చదవలేవు. దానికి కావాల్సింది ఎంపెగ్-2 వీడియో. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో సైజు 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు (విడి బొమ్మలు). అమెరికా, జపాన్ వాడే ఎన్‌టీఎస్‌సీలో 720 బై 480, సెకనుకు 29.97 ఫ్రేములు. ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో, మామూలుగా ఏసీ3గా ఉండాలి. ఇవన్నీ 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్లో వీవోబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్లుగా కూర్చోవాలి. మార్చే ప్రోగ్రాం చేసేది ఇంతే. మీ వీడియో 4కె అయినా సరే, డిస్క్ మీదికి వెళ్లేది 720 బై 576 మాత్రమే. అందుకే కొడుకు పంపిన 4కె వీడియో టీవీలో కొంచెం మెత్తగా కనబడితే కంగారుపడకండి.

ఏ ప్రోగ్రాం

నేను డీవీడీ స్టైలర్ వాడమంటాను. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, మెనూలు మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. డీవీడీ ఫ్లిక్ ఇంకా తేలిక, కానీ దానికి 2009 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. ఇప్పటి ఫోన్లు తీసే హెచ్ఈవీసీ వీడియో పద్ధతి 2013లో వచ్చింది కాబట్టి డీవీడీ ఫ్లిక్‌కు అది తెలియదు. పాత కంప్యూటర్, పాత ఫైళ్లు ఉంటేనే దాని జోలికి వెళ్లండి. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది డీవీడీ చేయదు, ఎంపీ4, ఎంకేవీ లాంటివే చేస్తుంది. అయినా అది మీ కంప్యూటర్లో తప్పకుండా ఉండాలి, ఎందుకో ఇప్పుడే చెబుతాను. ఇవన్నీ వాటి అసలు సైట్ల నుంచే దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే ఏదైనా ప్రోగ్రాం కూడా పెట్టుకోమంటే టిక్ తీసేయండి.

మాట, బొమ్మ కలవకపోతే

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. మొదట్లో బాగానే ఉంటుంది, అరగంట గడిచాక పంతులు నోరు ఆడించిన కాసేపటికి మంత్రం వినిపిస్తుంది. కారణం ఫోన్. ఫోన్ కెమెరా సెకనుకు ఎప్పుడూ ఒకే లెక్కలో ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గితే 24కు దిగుతుంది, పెరిగితే 30కి పోతుంది. డీవీడీకి మాత్రం ఒకటే లెక్క కావాలి. ఆ తేడా పోగుపడి పోగుపడి మాట జారుతుంది.

మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో ఫైల్ తెరిచి చూడండి. 'ఫ్రేమ్ రేట్ మోడ్' దగ్గర 'వేరియబుల్' అని ఉంటే దాన్ని నేరుగా డీవీడీ స్టైలర్‌కు ఇవ్వకండి. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో తెరిచి, వీడియో ట్యాబ్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని, క్వాలిటీ 18 దగ్గర పెట్టి ఎంపీ4గా మార్చండి. ఫైల్ పెద్దదైనా ఫర్వాలేదు, డిస్క్ అయ్యాక దాన్ని తీసేయొచ్చు. ఈ ఒక్క మెట్టు దాటితే మాట తేడా దాదాపు పోతుంది. హెచ్ఈవీసీ ఫైళ్లను కూడా ఇలాగే మార్చుకుంటే పాత ప్రోగ్రాములు సైతం వాటిని తీసుకుంటాయి.

ఇక్కడే ఇంకో నిర్ణయం తీసుకోవాలి. ఫోన్ వీడియో 30 ఫ్రేములదైతే, పాల్ కోసం 25కు దించినప్పుడు ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. కూర్చుని మాట్లాడే వీడియోలో ఇది తెలియదు. కోలాటంలోనో, చెక్కభజనలోనో అడుగు అడుగుకీ చిన్న కుదుపు కనిపిస్తుంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో చాలావరకు పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడిస్తాయి. అందుకే ఫోన్ వీడియోలకు నేను ఎన్‌టీఎస్‌సీ, 29.97 పెడతాను. స్టూడియో కెమెరాతో 25లోనో 50లోనో తీసినవైతే పాల్. రెండు రకాలూ కలిసి ఉంటే ఎక్కువ నిడివి దేనిదో చూసి దాని వైపు వెళ్లండి.

పాత మినీడీవీ టేపుల నుంచి ఎక్కించిన వీడియోలకు ఇబ్బంది వేరు. వాటిలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది, కింది సగం ముందు వస్తుంది. మనిషి కదిలినప్పుడల్లా బొమ్మ వణికితే, డీవీడీ స్టైలర్‌లో ఆ వీడియో (అక్కడ దాన్ని టైటిల్ అంటారు) ప్రాపర్టీస్‌లో 'ఫస్ట్ ఫీల్డ్' మార్చి చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియో గురించి ఒక మాట. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ పోయిన వివరాలు తిరిగి తేలేదు. కువైట్‌లో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి 'డాక్యుమెంట్'గా పంపమని చెప్పండి. 2 జీబీ వరకు ఉన్నదున్నట్టుగా వస్తుంది. ఎంత సెట్టింగులు మార్చినా రాని మార్పు ఈ ఒక్క ఫోన్‌కాల్‌తో వస్తుంది.

ఎంత నిడివి పడుతుంది

డిస్క్ అట్ట మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో అది 4.38గా కనిపిస్తుంది. డిస్క్ చెడిపోలేదు, రెండూ లెక్కపెట్టే తీరు వేరు. బిట్‌రేట్‌కు, అంటే ఒక్కో సెకను వీడియోకు ఎంత డేటా వాడాలన్నదానికి, నేను వాడే లెక్క సులువు: 6,00,000ను మొత్తం నిమిషాలతో భాగించండి. వచ్చింది ఆడియో కూడా కలిపి సెకనుకు ఎన్ని కిలోబిట్లు వాడొచ్చో చెబుతుంది. 100 నిమిషాలకు 6000, 150 నిమిషాలకు 4000, 200 నిమిషాలకు 3000. డీవీడీలో వీడియోకు గరిష్ఠంగా 9800 వరకు అనుమతి ఉన్నా, ఇంట్లో రాసిన డిస్కుల్లో 8000 దాటితే పాత ప్లేయర్లు తడబడతాయి. అందుకే గంట వీడియో అయినా 8000తో ఆపేస్తాను. 3000 కంటే కిందికి మాత్రం దిగకండి, ముఖాలు గళ్లు గళ్లుగా మారతాయి. పెళ్లి మూడున్నర గంటలుంటే రెండు డిస్కులు చేయడమే మర్యాద.

రాత్రిపూట వీడియోలకు ఇంకా ఎక్కువ కావాలి. ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. అక్కడ ఫోన్‌తో తీసిన వీడియోలో చీకటి భాగమంతా సన్నటి చుక్కలు కదులుతుంటాయి. ఆ చుక్కలను రాయడానికే బిట్లన్నీ ఖర్చయిపోయి దేవుడి ముఖం మసకబారుతుంది. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో 'డీనాయిస్' కింద 'ఎన్ఎల్‌మీన్స్', 'లైట్' పెట్టండి. మార్చడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. మా ఊరి ఎండాకాలంలో పగలు ఈ పని పెడితే ల్యాప్‌టాప్ వేడెక్కి మధ్యలోనే ఆగిపోతుంది. పరుపు మీద కాకుండా, కింద వట్టి కడప బండ మీద పెట్టండి.

మెనూ మన ఇష్టంలా

పెద్దవాళ్లకు మెనూ ఎంత తక్కువ ఉంటే అంత మేలు. నా అభిప్రాయంలో ఒకే వీడియో ఉంటే అసలు మెనూ వద్దు. డీవీడీ స్టైలర్‌లో కింద కనిపించే 'వీఎంజీఎం మెనూ 1'ని తీసేస్తే డిస్క్ పెట్టగానే వీడియో మొదలవుతుంది. రెండు మూడు ఉంటే, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'పోస్ట్ కమాండ్స్' చూడండి. అక్కడ మామూలుగా వీడియో అయిపోగానే మెనూకు తిరిగి వెళ్లమని ఉంటుంది. దాని బదులు తర్వాతి టైటిల్‌కు వెళ్లమని మారిస్తే, అమ్మ రిమోట్ ముట్టుకోకుండానే అన్నీ వరసగా చూడొచ్చు. అక్కడే 'చాప్టర్స్' దగ్గర తలంబ్రాలు, అప్పగింతలు మొదలయ్యే నిమిషాలు ఇవ్వండి. 'నెక్స్ట్' బటన్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. అప్పగింతలు మళ్లీ మళ్లీ చూసే తల్లులు ఎంతమందో!

మెనూ కావాలంటే తెలుగులోనే పెట్టండి, కానీ అక్షరాలను బొమ్మగా చేసుకోండి. పవర్‌పాయింట్‌లోనో, బొమ్మలు దిద్దే జింప్ ప్రోగ్రాంలోనో పేర్లు, తేదీ, ఫొటో కూర్చి చిత్రంగా సేవ్ చేసి, దాన్ని మెనూ వెనక బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, మీద బటన్లు అమర్చండి. నాలుగు వైపులా పదో వంతు ఖాళీ వదలండి, పాత టీవీలు అంచులు కోసేస్తాయి.

సబ్‌టైటిల్స్‌తో ఇంకా జాగ్రత్త. డీవీడీ స్టైలర్ వెనక సబ్‌టైటిల్స్ రాసే భాగం అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతుంది. తెలుగు గుణింతాలు, ఒత్తులు విడిపోయి చదవడానికి వీల్లేకుండా పోతాయి. అందుకని తెలుగు సబ్‌టైటిల్ ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి, హ్యాండ్‌బ్రేక్‌లో 'బర్న్ ఇన్' ఎంచుకుని వీడియోలోనే కలిపేయండి. వాటిని ఆపే వీలుండదు గానీ అక్షరం అందంగా వస్తుంది.

మధ్యలో ఎర్రర్ వస్తే

ముందు ఖాళీ చూడండి. మార్చిన వీడియో, డీవీడీ ఫోల్డర్, ఐఎస్ఓ ఫైల్ (మొత్తం డిస్క్‌ను ఒకే ఫైల్‌గా చేసిన నకలు) మూడూ ఒకేసారి ఉండాల్సి వస్తుంది కాబట్టి 15 జీబీ ఖాళీ ఉంచండి. సీ డ్రైవ్ నిండి ఉంటే డీవీడీ స్టైలర్ బర్న్ విండోలో 'టెంప్ డైరెక్టరీ'ని డీ డ్రైవ్‌కు మార్చండి. ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టకండి. మనసుకు కష్టమే, కానీ ఈ పాత పనిముట్లు తెలుగు పేర్ల దగ్గర ఆగిపోతుంటాయి. ఇంగ్లీషు చిన్నక్షరాలతో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్ 10, 11లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్, వీడియోస్ ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రాములను రాయనివ్వదు. డీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ చేసుకుంటే ఆ గొడవే లేదు. అప్పటికీ ఆగితే, వీడియోలన్నీ తీసేసి ఒక్కొక్కటే కలుపుతూ చేయండి. ఏది కలిపినప్పుడు ఆగుతుందో అదే పాడైన ఫైల్. దాన్ని హ్యాండ్‌బ్రేక్‌లో ఇంకోసారి మార్చి పెడితే చాలాసార్లు సరిపోతుంది.

డిస్క్ రాయడం

నేరుగా బర్న్ కొట్టకుండా, 'క్రియేట్ ఐఎస్ఓ ఇమేజ్' ఎంచుకోండి. ఆ ఐఎస్ఓను వీఎల్‌సీలో తెరిచి మొదలు, మధ్య, చివర చూడండి. మాట చివర్లోనే జారుతుంది కాబట్టి చివరి ఐదు నిమిషాలు తప్పక చూడాలి. అంతా బాగుంటే డిస్క్ రాసే ఇమ్గ్‌బర్న్ ప్రోగ్రాంతో రాయండి. దానికి కూడా 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా ఈ పనికి ఇప్పటికీ నమ్మకంగా ఉంది. వేగం 4 లేదా 8 పెట్టండి, 'వెరిఫై' టిక్ ఉంచండి.

పాత ప్లేయర్లకు డీవీడీ మైనస్ ఆర్ డిస్కులే కొనండి. ప్లస్ ఆర్ డిస్క్ కొన్ని ప్లేయర్లు గుర్తుపట్టవు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అంటించకండి, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగి చివరి భాగం చదవలేకపోతుంది. డిస్కుల కోసం అమ్మే మార్కర్‌తో పేరు, తేదీ రాస్తే చాలు. ఐఎస్ఓ ఫైల్‌ను మాత్రం హార్డ్ డిస్క్‌లో ఉంచుకోండి. మేనత్తకో కాపీ, పిన్నమ్మకో కాపీ అని అడిగినప్పుడు మార్చే పనంతా మళ్లీ చేయక్కర్లేదు, కొత్త డిస్క్ పెట్టి రాసి ఇవ్వడమే.