వీడియో మార్పిడి మొరాయిస్తే: ప్లగిన్ల కంటే ముందు చూడవలసినవి

సింహాచలంలో ఎప్పుడో జరిగిన పెళ్లి డీవీడీని, మొన్న ఆర్కే బీచ్‌లో ఫోనుతో తీసిన క్లిప్పులను ఒకే పెన్‌డ్రైవులోకి చేర్చి ఇంటి టీవీలో చూద్దామనుకున్నప్పుడు, మార్పిడి సాఫ్ట్‌వేరు సగంలో ఆగిపోవడమో, మాట వినిపించి బొమ్మ కనిపించకపోవడమో సాధారణంగా జరిగేదే. అప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన కోడెక్ ప్యాక్‌ను, అంటే వీడియోను, ఆడియోను కుదించి తిరిగి విప్పే సాధనాల మూటను, ఎక్కిస్తారు. నా ఉద్దేశంలో అది చిట్టచివరి మార్గం కావాలి, ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి మార్పిడి ప్రోగ్రాములు తమకు కావలసిన డీకోడర్లను (కుదించినదాన్ని విప్పే భాగాలను) తమలోనే ఉంచుకుంటాయి. బయటి ప్యాక్ వాటికి ఉపయోగపడదు సరికదా, విండోస్ కోడెక్‌లపై ఆధారపడే పాత ప్రోగ్రాములను గందరగోళపరచవచ్చు.

ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి పెట్టె మీద అంటించిన చీటీల వంటివి. లోపలి సరుకు వేరే ఉంటుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలును తెరిచి, వీడియో కోడెక్, బిట్ డెప్త్ (రంగుల సూక్ష్మత), ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు), ఆడియో కోడెక్ అనే నాలుగింటిని రాసుకోవాలి. మన దేశపు పాత పెళ్లి డీవీడీల్లో సాధారణంగా 720×576 పరిమాణంలో, సెకనుకు 25 ఫ్రేములతో, ఇంటర్‌లేస్ చేసిన (ఫ్రేమును బేసి, సరి గీతలుగా విడదీసిన) ఎంపెగ్-2 కోడెక్ కనిపిస్తుంది. ఫోను క్లిప్పుల్లో 2003 నాటి హెచ్.264 గానీ 2013 నాటి హెచ్.265 గానీ కోడెక్‌గా ఉంటుంది. టీవీ హెచ్.264ను చదివి ఎంకేవీని మాత్రమే తిరస్కరిస్తుంటే, మళ్లీ ఎన్‌కోడ్ చేయనక్కరలేదు, అంటే వీడియోను కొత్తగా కుదించనక్కరలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పెట్టెను మాత్రం (ఎంకేవీ నుంచి ఎంపీ4కు) మారిస్తే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా పని త్వరగా ముగుస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ఈ పని చేయదు. అది వీడియోను ప్రతిసారీ కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుంది.

ప్రోగ్రాముకు అదనపు పనులు నేర్పే చిన్న భాగాలే ప్లగిన్లు. అసలైన ప్లగిన్ చిక్కులు ఎక్కువగా ఏవీసింత్, వర్చువల్‌డబ్ అనే వీడియో ప్రోగ్రాములను వాడేవారికే ఎదురవుతాయి. 64 బిట్ల ప్రోగ్రాము 32 బిట్ల ప్లగిన్‌ను లోడ్ చేసుకోలేదు. కంప్యూటరు 64 బిట్లదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ప్రోగ్రామూ ప్లగినూ రెండూ ఒకే రకానివి కావాలి. విండోస్ 193 సంఖ్యతో లోపాన్ని చూపితే సాధారణంగా ఈ పొంతన లేనట్టు అర్థం. 126 అని చూపితే ప్లగిన్ ఫైలు గానీ, అది ఆధారపడే మరో డీఎల్‌ఎల్ (సహాయక ఫైలు) గానీ దొరకలేదని అర్థం. ఫైలు కళ్లెదుటే కనిపిస్తున్నా ఈ లోపం వస్తుంటే, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రన్‌టైమ్ అనే సహాయక ఫైళ్ల సముదాయాన్ని ప్రోగ్రాముకు తగిన బిట్లలో ఎక్కించి చూడాలి. అప్పటికీ తేలకపోతే ప్లగిన్ల ఫోల్డరును మొత్తం ఖాళీ చేసి, మార్పిడి నడుస్తోందని నిర్ధారించుకున్నాక, ఒక్కొక్క ప్లగిన్‌ను తిరిగి చేరుస్తూ ప్రతిసారీ ఒక నిమిషం క్లిప్పుతో పరీక్షించాలి. ఇది విసుగు పుట్టించే పనే అయినా, ఒకేసారి నాలుగు మార్పులు చేసినవారికి ఏది కారణమో ఎన్నటికీ తెలియదు.

పాత ప్రోగ్రాములు తెలుగు అక్షరాల ఫైలు పేర్లను తెరవలేకపోవచ్చు. ప్లగిన్‌ను అనుమానించే ముందు, ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు పెట్టి చూడండి.

నిమిషాలు గడిచేకొద్దీ పెదవుల కదలికకూ మాటకూ పొత్తు తప్పుతుంటే, ఫోను క్లిప్పు ఫ్రేమ్ రేటు మారుతూ ఉండే రకం కావచ్చు. హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటును ఎంచుకోవాలి. డీవీడీ దృశ్యాల్లో కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతే డీఇంటర్‌లేస్ ఫిల్టరును పెట్టాలి. టీవీ కోసమైతే 8 బిట్ల హెచ్.264, ఏఏసీ ఆడియో ఉన్న ఎంపీ4 సురక్షితమైన ఎంపిక. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు గనుక, కాపీ చివరలో ఆగిపోతే తప్పు మార్పిడిది కాదు.

రికార్డు చేస్తుండగా బ్యాటరీ అయిపోయి ఫోను ఆగిపోతే, ఎంపీ4లో సాధారణంగా చివరగా రాసే, లోపల ఏది ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలులోకి చేరకపోవచ్చు. అటువంటి ఫైలును ఏ ప్లగినూ తెరిపించలేదు. అదే ఫోనుతో, అదే సెట్టింగులతో తీసిన మంచి క్లిప్పును నమూనాగా తీసుకొని సూచికను తిరిగి నిర్మించే మరమ్మతు సాధనాన్ని, అసలు ఫైలుకు నకలు తీసి ఆ నకలు మీదనే ప్రయోగించాలి.