కుటుంబంతో కోటకు – మూడో పాఠం: ఎండనూ మోకాళ్లనూ లెక్కగట్టడం

మొదటి పాఠంలో ఎవరెవరు వస్తున్నారో వయసులతో సహా రాసుకున్నాం. రెండో పాఠంలో బస్సా, సొంత బండా అన్నది తేల్చుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. లేనివారు ముందు ఆ పని ముగించి రండి, ఈ పాఠమంతా దాని మీదే నిలబడుతుంది.

ఈసారి రోజును వరుసలో పెట్టడం నేర్చుకుంటాం. ఉదాహరణకు ఖిలా వరంగల్‌ను తీసుకుంటున్నాను, ఎందుకంటే నేను భంగపడింది అక్కడే. ఒక ఏప్రిల్‌లో మా అమ్మను, చెల్లెలి పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని పదకొండున్నరకు కోట మధ్యనున్న రాతి తోరణాల దగ్గర దిగాను. చెప్పులు విడిచి బండరాయి మీద కాలు పెట్టిన చిన్నవాడు కెవ్వున గెంతాడు. అమ్మ గొడుగు కింద కూలబడింది. పన్నెండున్నరకల్లా తిరుగు బండి వెతుక్కున్నాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మాకు నెల ముందే పగిలాయి. ఎండను తిట్టుకుంటూ ఇల్లు చేరాక జేబులోని జాబితా తీసి చూశాను. చూడవలసినవి పది ఉన్నాయి. ఎవరు ఏ వేళ ఎంత నడవగలరన్నది ఒక్క ముక్క లేదు.

మొదటి మెట్టు: నడక కొలత

ఇంట్లో అందరికన్నా నిదానంగా నడిచేవారితో ఒక సాయంత్రం మీ వీధిలో పది నిమిషాలు నడవండి. తొందరపెట్టవద్దు, వారు ఆగినచోట ఆగండి. ఎంత దూరం వచ్చారో ఫోనులో చూసుకోండి. మా అమ్మ లెక్క 300 మీటర్లు. అంటే గంటకు 1.8 కిలోమీటర్లు, అదీ చదునైన సిమెంటు రోడ్డు మీద. కోటలో నేల ఎగుడుదిగుడు కనుక నేను సగమే వేసుకుంటాను: గంటకు 900 మీటర్లు.

ఇక కోటను ఈ బద్దతో కొలవండి. రాతికోట దాదాపు గుండ్రంగా ఉంటుంది, అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. బడిలో నేర్చుకున్న 3.14తో గుణిస్తే చుట్టుకొలత 3.8 కిలోమీటర్ల దాకా తేలుతుంది. అమ్మ నడకకు అది నాలుగు గంటల పైమాట. 45 బురుజులూ చుట్టివద్దామని మీ పెద్దవాడు ఉబలాటపడితే ఆ ముచ్చట కాగితం మీదే కొట్టివేయండి. బయటి మట్టికోట అడ్డుకొలత దీనికి రెట్టింపు, కాబట్టి దాన్ని బండి కిటికీలోంచి చూడవలసిందే. దాటుతున్నప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పండి. ఢిల్లీ సైన్యం చేసిన 1310 నాటి ముట్టడి గురించి రాస్తూ ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ గోడకు ఉక్కు ఈటె కూడా దిగదన్నాడు. యంత్రంతో విసిరిన రాయి తగిలినా పిల్లలాడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి వస్తుందన్నాడు. గెలిచిన పక్షం మనిషి అన్న మాట అది!

రెండో మెట్టు: మూడు పూటలు

కాగితాన్ని మూడు గళ్లు చేయండి: చల్లని పూట, మండే పూట, నీడ సాగే పూట. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది కనుక నవంబరు నుంచి అప్పటిలోపు వెళ్లడం మేలు. అయితే ఆ నెలల్లోనూ మధ్యాహ్నం నీడ కావాలి.

నీడలేని చోటు ఎప్పుడూ చల్లని పూట గడిలోకే వెళుతుంది. ఇక్కడ అది తోరణాల ఆవరణ. దారిలో రాతికోట ద్వారం దగ్గర బండిని నెమ్మదిగా పోనివ్వమనండి. బాట తిన్నగా పోకుండా లోపల మలుపు తిరుగుతుంది. దూసుకువచ్చే శత్రువుకు ఊపు చిక్కకుండా చేసిన ఏర్పాటు అది. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి. వాకిట్లో ముగ్గు వేస్తున్నవారిని అడగకుండా ఫోటో తీయకండి.

కాకతీయుల స్వయంభూదేవుని గుడి నేలమట్టమైంది. దానికి నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు తోరణాలు మాత్రం మిగిలాయి. తలుపులు లేవు, గోడలు లేవు. తెలంగాణ ఏర్పడినప్పుడు రాజముద్రలో పెట్టిన కమాను ఇదేనని చెప్పగానే పిల్లలు తలెత్తి చూస్తారు. అప్పుడు పైనున్న హంసలను వెతకమనండి. నాలుగూ ఒకే పోలికలో ఉంటాయి కనుక ఎండను బట్టి తూర్పు తోరణం ఏదో చెప్పమంటే అరగంట గడిచిపోతుంది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోట పట్టుకున్నాడనీ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడనీ మధ్యలో పరచివున్న విరిగిన స్తంభాల నడుమ నిలబడి చెప్పండి. ఇంటి దగ్గర చెబితే అది తేదీగానే మిగిలిపోతుంది.

మండే పూటకు ఖుష్ మహల్, కాకతీయుల తర్వాత కట్టిన రాతి భవనం. తోరణాలకు పడమట కొద్ది దూరంలోనే ఉంది. గోడలు మందంగా, ఏటవాలుగా ఉంటాయి, లోపల పెద్ద పెద్ద కమానులు. పెద్దవారు కూర్చొని కాళ్లు చాపుకుంటారు. కాకతీయుల కట్టడంలో నిలువు స్తంభాల మీద అడ్డంగా రాతి దూలం పడుకుంటుంది, ఇక్కడ బరువు మోసేది కమాను వంపు. ఏడేళ్ల పిల్లకైనా ఈ తేడా కంటికి ఆనుతుంది. సద్ది మాత్రం అక్కడ విప్పకండి. ఏకశిల గుట్ట దగ్గర చెట్ల నీడకు వెళ్లి తినండి. పులిహోర, పెరుగన్నం మనకు తెలిసినవే. సకినాలను విడిగా స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టి తీసుకువెళ్లండి, సంచి చప్పుడు వింటే కోతులు ఎక్కడినుంచైనా దిగుతాయి.

నీడ సాగే పూటకు ఆ గుట్టే. ఒకే రాయి కనుక ఏకశిల, దాన్ని బట్టే ఓరుగల్లు అని చెబుతారు. పాత తెలుగులో కల్లు అంటే రాయి. ఈ మాట ముందే వివరించండి, లేకపోతే మన పిల్లలు తాటిచెట్టు వైపు చూస్తారు. అందరూ మెట్లెక్కలేరు. కింద పెద్దవారితో ఎవరుండాలో బయలుదేరకముందే తేల్చుకోండి. గుట్ట మొదట నిలబడి తేల్చబోతే ప్రతిసారీ కోడలే మిగులుతుంది.

"ఇంత దూరం వచ్చాం, రామప్ప కూడా చూసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఆ గుడి ఉన్న పాలంపేట అక్కడికి అరవై కిలోమీటర్లకు పైనే. దానికి ఇంకో రోజు, ఇంకో కాగితం. 1163 నాటి వేయిస్తంభాల గుడి హనుమకొండలోనే ఉంది కాబట్టి ఓపిక మిగిలితే తిరుగుదారిలో దిగండి. నేనైతే దాన్ని కాగితం మీద రాయను.

అభ్యాసం

మీ కోట ఏదైనా సరే, ఎలగందులైనా జగిత్యాల ఖిలా అయినా, మూడు గళ్లు నింపండి. ఒక్కో గడిలో రెండు చోట్లకు మించవద్దు, రెండింటి మధ్య అరగంట ఖాళీ ఉంచండి. నింపిన కాగితాన్ని మీ ఇంట్లో అందరికన్నా నిదానంగా నడిచేవారికి చూపించండి. "నేనెక్కడ కూర్చుంటాను?" అని వారు అడిగినప్పుడు ప్రతి గడిలోనూ వేలు పెట్టి చోటు చూపించగలగాలి. చూపించలేని గడిని చెరిపి మళ్లీ రాయండి. నాలుగో పాఠంలో నీళ్లు, మూటల బరువు లెక్క ఈ కాగితంలోంచే తీస్తాం.